బంతి రాని వైపు

పిడుగు కనబడితే ఆట ఆపి అరగంట ఆగాలి, అది రూలు. ఆ అరగంట నిండకముందే ఇంకొకటి మెరిస్తే లెక్క మళ్ళీ మొదటికొస్తుంది. ఈ సంగతి ఆకాశానికి ఎవరో చెప్పేసినట్టున్నారు. ఇక పిలుస్తారు, ఇక పిలుస్తారు అనుకుంటుండగా చెరకు తోటల అవతల సన్నగా ఒక మెరుపు మెరుస్తుంది, గోడల్లోంచి బెంచీలోకి, బెంచీలోంచి వెన్నులోకి ఒక ఉరుము పాకుతుంది, బట్టలు మార్చుకునే గదిలో ఉన్న కుర్రాళ్ళందరూ ఒక్కసారే ఉసూరుమంటారు. మార్సెల్ గిడ్రీ మాత్రం ఉసూరుమనడం లేదు. వాడికి బయటికి పిలిస్తే భయం, పిలవకపోతే నరకం. ఈ రెంటి మధ్యా ఇరుక్కుని, తడిసిన మేజోళ్ళలో కాలివేళ్ళు ముడుచుకుని, విప్పుకుని, మళ్ళీ ముడుచుకుని కూర్చున్నాడు. కుడిచెయ్యి పిడికిలి బిగించి ఒళ్ళో పెట్టుకున్నాడు. లోపలికి వచ్చినప్పటి నుంచీ ఆ పిడికిలి విప్పలేదు. హెల్మెట్టు ఎడమచేత్తోనే తీశాడు, నీళ్ళు ఎడమచేత్తోనే తాగాడు. నారింజ తొనలు పంచుకుంటూ వచ్చిన బూన్, ముందు వరసలో నిలబడి ఎదుటివాళ్ళని ఎద్దులా నెట్టే బూన్, ఆ పిడికిలి చూసి, "ఏంట్రా, అమ్మాయి ఫోన్ నంబరు రాసుకున్నావా, చెమటకి చెరిగిపోతుందని దాస్తున్నావా?" అని నవ్వి, రెండు తొనలు వాడి మోకాలి మీద పెట్టి వెళ్ళిపోయాడు. పిడికిట్లో ఉన్నది గడ్డి. నాలుగు పరకలు, కాస్త బురద.

బయట స్కోరుబోర్డు మీద అంకెలు వానలో అలాగే వెలుగుతూ ఉండుంటాయి. మనవాళ్ళు నాలుగు పాయింట్లు ముందున్నారు. బంతి మాత్రం ఏటవతలి కాలేజీ వాళ్ళ చేతిలో ఉంది, గీతకి కూతవేటు కాదు, చేతివేటు దూరంలో ఉంది, గడియారంలో ఒక్క విసురుకి సరిపడా సమయం మిగిలింది. ఇది అమెరికన్ ఫుట్‌బాల్, కాలితో తన్ని గోల్ కొడితే మూడు పాయింట్లే, వాళ్ళకి చాలవు, బంతి పట్టుకుని గీత దాటాల్సిందే. దాటారా, గెలుపు వాళ్ళది, చెరకు పానకం కాచే ఆ పాత ఇనుప బాన ఇంకో ఏడాది వాళ్ళది. తుప్పు పట్టి, అడుగున చిల్లు పడి, పట్టుమని గరిటెడు పానకం కూడా నిలవని ఆ బాన కోసమే రెండూళ్ళూ ఏటేటా కొట్టుకు చస్తాయి. గెలిచినవాళ్ళు దాన్ని మోసుకుపోయి ఊరి నడిబొడ్డున పెట్టుకుంటారు, ఓడినవాళ్ళు పనిబడి ఏరు దాటినా దాని మొహం చూడకుండా చుట్టు తిరిగి పోతారు. మార్సెల్ ఈ కాలేజీలో చేరిన దగ్గర్నుంచీ ఆ బాన ఇటు రాలేదు. వాడికి ఆట నేర్పిన ఓటిస్ బెల్ చేరిన దగ్గర్నుంచీ కూడా రాలేదు, ఓటిస్‌కి ఇది ఆఖరి ఏడాది. నాలుగే పాయింట్లైనా గెలుపు గుమ్మంలోకి వచ్చిన ఆటని, బంతిని గీత దాకా రానిచ్చి, ఇలా గుమ్మం మధ్యలో నిలబెట్టింది ఎవరో గదిలో అందరికీ తెలుసు. మార్సెల్.

మళ్ళీ అదే కళ్ళ ముందుకొస్తోంది. కోర్టెజ్ వాట్స్, వాళ్ళ రిసీవర్, బంతి అందుకోవడమే పనిగా పుట్టినట్టుండే పొడుగు చేతుల కోర్టెజ్, రెండుసార్లు ముందుకు ఉరికి చటుక్కున లోపలికి మళ్ళి చిన్న చిన్న బంతులు పట్టుకున్నాడు. పట్టుకున్న ప్రతిసారీ లేచి, మార్సెల్ భుజం మీది మట్టి దులిపి, "మీ అన్నయ్య ఏడిరా? ఒక్కణ్ణే పంపాడా నిన్ను?" అని ఓటిస్ సంగతి ముద్దుగా అడిగాడు. మూడోసారి మళ్ళీ ఉరికాడు, మళ్ళీ లోపలికి తల తిప్పాడు, ఆ క్షణంలో మార్సెల్‌కి తెలిసిపోయిందనిపించింది, ఈసారి బంతి నాదే, మధ్యలో దూకి లాక్కుంటాను, అటు పరిగెడతాను, అమ్మ లేచి నిలబడుతుంది, చేతికర్రల మీద నిలబడ్డ ఓటిస్ నవ్వుతాడు. ఆ నవ్వు కోసం తల తిప్పాడు. బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ వైపు ఒక్క చూపు, రెప్పపాటు. వాడి చెయ్యి లేచింది గానీ బంతి చెయ్యి వదల్లేదు. మార్సెల్ తల వెనక్కి తిప్పేసరికి కోర్టెజ్ ఉన్నచోట లేడు, ఉండకూడని చోట ఉన్నాడు, వెనకాల, చాలా వెనకాల, ఒంటరిగా, బంతి వాడి చేతుల్లోకి పెళ్ళికూతురిలా దిగుతోంది. తర్వాత పరిగెత్తాడు. పరుగుకేం లోటు, దేవుడు కాళ్ళకిచ్చిన తెలివి తలకిచ్చుంటే బాగుండేది. గీత ముందు దూకి కోర్టెజ్ చీలమండ దొరకబుచ్చుకుని పడేశాడు, ఇద్దరూ బురదలో జారారు, మొహం గడ్డిలో ఉండగానే వేళ్ళు వాటంతటవి గడ్డి పీకాయి, పారేద్దామని చెయ్యి లేపాడు, అప్పుడు మోగింది హారన్, పిడుగు, అందరూ లోపలికి, లోపలికి, ఎవరో చంక కింద చెయ్యి వేసి లేపి లాక్కొచ్చేశారు. గడ్డి చేతిలోనే ఉండిపోయింది.

బంతి కోసం తిప్పిన ఆ రెప్పపాటు చూపుని దొంగచూపు అంటారు. బూన్ లాంటివాళ్ళు ఆ తప్పు చెయ్యలేరు, వాళ్ళ ఎదురుగా ఉన్నవాడు వాళ్ళ ముక్కుకి ముక్కు తగిలించి ఉంటాడు, చూడ్డానికింకేం ఉండదు. మైదానం అంచున ఒంటరిగా కాపలా కాసేవాళ్ళకే, కార్నర్లకే, ఆ తప్పు రాసిపెట్టి ఉంది. వేలమంది బంతిని చూస్తుంటే వాడొక్కడూ చూడకూడదు. తిరునాళ్ళకెళ్ళి దేవుడి వైపు వీపు పెట్టి నిలబడమన్నట్టు. మరి ఏం చూడాలి? ఓటిస్ మొదటి రోజే చెప్పాడు. సిరప్ మిల్లు వెనకాల, చెరకు పిప్పి కుప్పల పక్కన, ఎవరూ లేని చదునులో. అప్పటికి మార్సెల్‌కి అవమానం ఇంకా ఆరలేదు. స్కూల్లో వాడు రిసీవరు, ఊళ్ళో పేరున్న రిసీవరు, కాలేజీకొచ్చిన వారానికే కోచ్ హేవుడ్ పళ్ళమధ్య పుల్ల పెట్టుకుని వాడి చేతులు అటూ ఇటూ తిప్పి చూసి, ఈ చేతులు బంతిని ఆపుతాయి గానీ పట్టవు, కాళ్ళు మాత్రం బంగారం, నువ్వు రిసీవర్లకి ఎదురుగా వెనక్కి పరిగెత్తే కార్నర్‌వి అని తేల్చేశాడు. ఇంటికెళ్ళి చెబితే అమ్మ, స్కూలు బస్సు నడిపే ఎర్లీన్, బీన్స్ కలుపుతున్న గరిటె ఆపి, "వెనక్కి పరిగెత్తడానికి స్కాలర్‌షిప్పిస్తున్నారా? బస్సు వెనక్కి తియ్యాలంటే నాకు అద్దాలున్నాయి. నీకేమున్నాయి నాన్నా?" అంది. అదే ప్రశ్న ఓటిస్‌ని అడిగాడు మార్సెల్, వెటకారంగానే. ఓటిస్‌కి వెటకారం అంటదు. వాడు నడుముకి తువ్వాలు ఒకటి దోపుకుని, దీన్నే చూడు, నా మొహం చూశావో మోసపోతావు అని చెప్పి, పరిగెత్తడం మొదలుపెట్టాడు.

తల అబద్ధమాడుతుంది. కళ్ళు పుట్టుకతోనే అబద్ధాలకోర్లు. భుజాలు, చేతులు, మోకాళ్ళు కూడా అవసరమొస్తే ఎంతకైనా తెగిస్తాయి. నడుము ఒక్కటే పాపం ఏమీ దాచుకోలేదు. పరుగులో ఉన్నవాడు ఎటు మళ్ళాలన్నా ముందు నడుము కుంగాలి, కుంగకుండా మలుపు తిరిగిన మగాడు లేడు, అది ఎవరి గొప్పతనమూ కాదు, ఎముకల సంగతి. కోర్టెజ్ తల తిప్పినప్పుడు నడుము కుంగిందా? కుంగలేదు. ఇప్పుడు తెలుస్తోంది, ఈ బెంచీ మీద కూర్చుంటే కళ్ళకి కట్టినట్టు కనబడుతోంది, నిటారుగా నూనె పూసిన చక్రంలా పోతూనే ఉంది ఆ నడుము, తల మాత్రం లోపలికి తిరిగింది, అరటిపండు వలిచి చేతిలో పెట్టినట్టు ఎదురుగా పెట్టిన నిజాన్ని వదిలేసి వీడు తలని నమ్మాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఇదే. ఉరుము మళ్ళీ. ఈసారి కాస్త దూరంగా. ఎవరో దేవుణ్ణి తిట్టారు, ఎవరో ఆ తిట్టినవాణ్ణి తిట్టారు.

ఓటిస్ ఎదురు బెంచీ మీదే ఉన్నాడు. మోకాలికి పెద్ద కట్టు, పక్కన చేతికర్రలు, ఒళ్ళో కాగితం పొట్లం. పొట్లంలో బూదాన్, అంటే అన్నం, పంది మాంసం కూరి ఉడికించిన పేగులు, పొద్దున మార్సెల్ అమ్మ చేసి పంపింది. చల్లారిపోయినా సరే ఓటిస్ ఒక్కో ముక్కా కొరికి, తోలు జాగ్రత్తగా పక్కన పెట్టి, లోకంలో ఇంతకు మించిన పని లేనట్టు తింటున్నాడు. మూడు వారాల క్రితం ఏదో ఊళ్ళో, ఎవరూ ముట్టుకోకుండానే, వెనక్కి పరిగెడుతూ పరిగెడుతూ ఒక్కసారి పక్కకి మళ్ళబోయాడు, మోకాలు మళ్ళలేదు. అంతే, అయిపోయింది. వాడు మైదానంలో పడుకుని కూడా అరవలేదు, స్ట్రెచర్ మీద పోతూ మార్సెల్‌ని దగ్గరికి పిలిచి, ఆ రిసీవరు కుడికి మళ్ళే ముందు ఎడంచెయ్యి గుప్పిట మూస్తున్నాడు, చూసుకో అని చెప్పాడు. అలాంటివాడి చోటులో నిలబడమని మార్సెల్‌ని దింపారు.

అసలు ఓటిస్ గొప్పతనం ఎవరికి తెలుసు? పేపర్లో వాడి పేరు రాదు. మైకులో అరిచే పెద్దమనిషి నాలుగేళ్ళలో ఆ పేరు ఎన్నిసార్లు పలికి ఉంటాడు, వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఎందుకంటే వాడి వైపు బంతే రాదు. క్వార్టర్‌బ్యాక్ అటు చూస్తాడు, రిసీవరు ఉంటాడు, రిసీవరు ఒంట్లోనే ఇంకో మనిషి ఉన్నట్టు ఓటిస్ ఉంటాడు, ముట్టుకోడు, పట్టుకోడు, ఊరికే ఉంటాడు, అంతే, చూసినవాడు చూపు తిప్పేసుకుని ఇంకో వైపు విసురుతాడు. ఆట మొత్తం ఇంకో వైపే జరుగుతుంది. వానాకాలంలో ఊరంతా మునిగి ఒక వీధి పొడిగా ఉంటే అక్కడ కట్ట వేసినవాణ్ణి ఎవడు తలుచుకుంటాడు. మొదట్లో మార్సెల్‌కీ అర్థం కాలేదు. ఆదివారం గదిలో కూర్చోబెట్టి శనివారం ఆట చూపిస్తారు, అందులో ఓటిస్ ఉండనే ఉండడు. కెమేరా బంతి వెంట పోతుంది, ఓటిస్ మొదటి క్షణంలో తెర చివర కనబడి మాయమైపోతాడు. వాడేం చేశాడో చూడాలంటే ఎలా? అప్పుడు బయటపడ్డాయి అమ్మ వీడియోలు. ఎర్లీన్‌కి ఆట తెలియదు, తెలుసుకునే ఉద్దేశమూ లేదు, ఆవిడ ఫోను పట్టుకుని కొడుకుని మాత్రమే తీస్తుంది. బంతి ఎటు పోనీ, ఎవడు గెలవనీ, ఊరంతా లేచి గంతులెయ్యనీ, ఆవిడ ఫోను కొడుకుని వదలదు. కొడుకు బెంచీ మీద ఉంటే ఆ బెంచీ ముందు ఆడే ఓటిస్ ఫోనులోకి వస్తాడు, మొదటి అడుగు నుంచి ఆఖరి అడుగు దాకా. ఆ సంగతి తెలిసిన రోజు ఓటిస్ చిన్నపిల్లాడిలా ఆవిడ పక్కన కూర్చుని, "పిన్నీ, నేనెలా ఆడతానో నేనెప్పుడూ చూసుకోలేదు. ఇంకొకటి పెట్టవా," అని వరసపెట్టి అన్నీ చూశాడు. మార్సెల్ కూడా చూశాడు. అదే వాడి చదువు.

ఏం కాళ్ళవి! వీపు వంచి, గడ్డం కాలివేళ్ళ మీదికి తెచ్చి, పాదాలు గడ్డిని ముద్దుపెట్టుకుంటున్నట్టు ఎత్తీ ఎత్తకుండా వెనక్కి, ఎదుటివాడు ముందుకి ఎంత జోరుగా వస్తే అంత జోరుగా వెనక్కి. ఎదుటివాడికి తనెటు పోతాడో తెలుసు, ఓటిస్‌కి తెలియదు, అయినా ఇద్దరూ ఒకేసారి మళ్ళుతారు, ఎవరు ఎవర్ని నడిపిస్తున్నారో చూసేవాళ్ళకి అంతు చిక్కదు. చేతులు గాలిలో ఖాళీగా ఉంటాయి. చొక్కా పట్టుకుంటే తప్పు, నెడితే తప్పు, అందుకని మిల్లు వెనకాల ఓటిస్ రెండు చేతుల్లో రెండు పచ్చి కోడిగుడ్లు పెట్టుకుని నేర్చుకున్నాడట, మార్సెల్ చేతుల్లోనూ పెట్టాడు. గుడ్డు పగిలిందంటే పట్టుకోబోయావన్నమాట. ఆ వేసవంతా మార్సెల్ మోచేతుల దాకా సొన కారుతూ ఇంటికెళ్ళేవాడు, అమ్మ గుమ్మంలోనే ఆపి, ఇంటిముందు కుళాయి దగ్గర కడుక్కుని రమ్మనేది, ఈ చదువుకి డిగ్రీ ఇస్తారా అట్టు ఇస్తారా అని వీధి వినేలా అడిగేది. వేసవి చివర్లో ఒకరోజు గుడ్లు రెండూ పగలకుండా ఇంటికి తెచ్చాడు. అమ్మ వాటిని వేపి పెట్టింది, ఓటిస్‌తో కలిసి ముగ్గురూ తిన్నారు. అంత రుచైన గుడ్లు వాడు మళ్ళీ తినలేదు. ఇప్పుడా చేతిలో గుడ్డు లేదు, గడ్డి ఉంది, నొక్కి నొక్కి రసం కారి అరచెయ్యి పచ్చగా, జిగురుగా అయిపోయింది. ముక్కుదాకా వాసన వస్తోంది.

గడ్డి కూడా ఓటిస్ నేర్పిందే. ప్రతి విసురు అయ్యాక ఓటిస్ వంగి చిటికెడు గడ్డి పీకి పక్కకి పారేస్తాడు. అయిపోయింది, ఇంక లేదు. మంచిదైనా అంతే, చెడ్డదైనా అంతే. చెడ్డది మనసులో ఉంటే కాలు వెనకాడుతుంది, మంచిది మనసులో ఉంటే కాలు ఎగిరిపడుతుంది, రెండూ నాశనమే, కాపలా కాసేవాడికి నిన్న ఉండకూడదు అంటాడు. ఒక్క నియమం మాత్రం ఉంది, ఏ మైదానంలో పీకావో ఆ మైదానంలోనే పారెయ్యాలి. ఇంటికి తీసుకెళ్ళకూడదు. అందుకే మార్సెల్ ఇక్కడ, ఈ సిమెంటు నేల మీద, తడి తువ్వాళ్ళ మధ్య, ఎవరో ఉమ్మిన నారింజ గింజల మధ్య పిడికిలి విప్పలేకపోతున్నాడు. ఇక్కడ పారేస్తే పోయినట్టు కాదు. పారెయ్యకపోతే ఆ రెప్పపాటు చూపు ఇలాగే గంటసేపు సాగుతుంది, సాగుతోంది, మళ్ళీ కోర్టెజ్ ఉరుకుతాడు, మళ్ళీ తల తిప్పుతాడు, మళ్ళీ వీడు నవ్వు కోసం చూస్తాడు. ఇలాంటి వాన పొలానికి మంచిది, కార్నర్‌కి కాదు. అమ్మ ఇప్పుడు పార్కింగులో తన బస్సులోనే కూర్చుని ఉంటుంది, పసుపుపచ్చ రెయిన్‌కోటులో, ఫోను తెర చొక్కా అంచుతో తుడుచుకుంటూ. ఇందాకటిది కూడా తీసే ఉంటుంది. అందులో బంతి ఉండదు, కోర్టెజ్ కూడా ఉండడు, కొడుకు మెడ తిరగడం ఒక్కటే ఉంటుంది. పట్టపగల్లా కనబడుతుంది.

కోచ్ హేవుడ్ వచ్చాడు. పళ్ళ మధ్య పుల్ల. మార్సెల్ ఎదురుగా నిలబడి వాడి మొహం కాదు, కాళ్ళ వైపు చూశాడు, చాలాసేపు. వీడు తలెత్తలేదు. లైల్ అని కొత్తగా చేరిన కుర్రాడొకడున్నాడు, పొడగరి, ఇంకా ఎవరి చేతా దెబ్బతినలేదు కాబట్టి భయం ఎరగడు, ఈ ఒక్క విసురుకి వాణ్ణి దింపితే అడిగేవాడెవడూ లేడు. దింపితే బాగుణ్ణనిపించింది మార్సెల్‌కి, ఆ అనిపించడం తనకి తెలిసి ఒళ్ళంతా సిగ్గు పాకింది. కోచ్ పుల్ల ఇటునుంచి అటు మార్చి, వెనక్కి తిరిగి, ఎవర్ని దింపమంటావని ఓటిస్‌ని అడిగాడు. పెద్దగా ఏం కాదు, భోజనానికి ఏం చేద్దామన్నట్టు. ఓటిస్ నోట్లో ముక్క నమిలి మింగేదాకా ఆగి, ఎవర్నని ఏమిటి, ఆడుతున్నవాడున్నాడుగా అన్నాడు. కోచ్ తలూపి వెళ్ళిపోయాడు. తిట్టినా బాగుండేది. చెంప పగలగొట్టినా తట్టుకునేవాడు. ఆ మాట మాత్రం మార్సెల్ తట్టుకోలేకపోయాడు. లేచి వెళ్ళి ఓటిస్ పక్కన కూర్చున్నాడు.

"అన్నా, ఇందాకటిది..."

"ఏది?"

"అదే. కోర్టెజ్‌గాడిది. దొంగచూపు చూశాను."

ఓటిస్ పొట్లం మడిచి, వేళ్ళు నాకి, నిజంగానే వెతుక్కుంటున్నట్టు కాసేపు కళ్ళు చిట్లించాడు. "ఏమోరా. నాకు గుర్తు లేదు," అన్నాడు. అని, పొట్లంలో మిగిలిన ఆఖరి ముక్క తీసి వాడి మోకాలి మీద పెట్టి, "తిను. మీ అమ్మకి నేను జవాబు చెప్పుకోలేను," అన్నాడు. మార్సెల్ ఎడమచేత్తో తిన్నాడు. ఓటిస్ వాడి కుడి పిడికిలి చూశాడు. మిరియం ఘాటుకి మార్సెల్ కళ్ళలో నీళ్ళొచ్చాయి. మిరియం ఘాటుకే అనుకుందాం.

తర్వాత చాలాసేపు ఉరమలేదు. ఉరమలేదన్న సంగతి కూడా ఆలస్యంగా తెలిసింది, చెవులు ఎదురుచూసి ఎదురుచూసి అలసిపోయాక. తలుపు తెరుచుకుంది, తెల్లటి వెలుతురు పడింది, వానపడ్డ మట్టి వాసన, ఎవరో పేర్లు పిలుస్తున్నారు, ముందు వరస, వెనక వరస, బూన్ రెండు చేతులూ గోడకి కొట్టి అరిచాడు, అందరూ అరిచారు. మార్సెల్ హెల్మెట్టు ఎడమచేత్తోనే పెట్టుకున్నాడు. గడ్డి మీద కాలు పెట్టగానే నీళ్ళు చీలమండ దాకా వచ్చాయి. జనం కూడా తిరిగొచ్చేశారు, తడిసిన కోడిపెట్టల్లా ఉన్నారు గానీ గొంతులు మాత్రం తడవలేదు. వాడు మూల దాకా నడిచాడు. ఇందాక కోర్టెజ్‌ని పడేసిన చోటు కనబడింది, బురదలో ఇద్దరూ జారిన చార, అందులో వాననీళ్ళు నిలిచి పైన ఆకాశం కనబడుతోంది. అక్కడ ఆగి పిడికిలి విప్పాడు. పరకలు అరచేతికి అంటుకుపోయి రాలేదు. తొడకి తుడుచుకుని, దులుపుకుని, మిగిలిన ఒక్క పరకనీ గోటితో తీసి ఆ నీళ్ళలో వేశాడు. అయిపోయింది, ఇంక లేదు.

కోర్టెజ్ వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. ఉతికిన చొక్కా మార్చుకున్నాడు, దొరబాబు. నడుముకి తెల్ల తువ్వాలు వేలాడుతోంది. "అన్నయ్యని అడిగొచ్చావా?" అన్నాడు. మార్సెల్ తువ్వాలు చూశాడు. గీతకి ఇంత దగ్గరలో ఎవడైనా ఒక్కటే చేస్తాడు, మూలకి ఉరుకుతాడు, బంతి ఎత్తుగా వాడి తల మీదుగా అవతలి చేతుల్లోకి దిగుతుంది, పొడుగు చేతులవాడికి అది పండగ. ముందు కదలకు, వాణ్ణే కదలనీ. తల లోపలికి తిరిగింది. అబద్ధం. భుజం వంగింది. అబద్ధం. అడుగు పడింది, అది కూడా. తువ్వాలు నిటారుగానే ఉంది. అప్పుడు కుంగింది, అదిగో, చెరకు గడ వంచినట్టు కుంగి మూలవైపు తెరుచుకుంది, మార్సెల్ నడుము కూడా దాంతోపాటే తెరుచుకుంది, తను తెరిచినట్టు కూడా తెలియలేదు, చేతుల్లో గుడ్లున్నాయి, రెండూ పగలకుండా ఉన్నాయి, పక్కనే, పక్కనే, కోర్టెజ్ ఊపిరి చెంపకి తగులుతోంది. జనం హోరు లేచింది. మెడ దురదపెట్టింది. ఒక్కసారి, రెప్పపాటు, ఇప్పుడు బంతి గాలిలో ఉండే ఉంటుంది, చూడకపోతే ఎలా, చూడు అంది మెడ, మెడలో ఉన్న ఎముకలన్నీ అన్నాయి. చూడలేదు. కోర్టెజ్ కళ్ళు చూశాడు. బంతి వస్తుంటే ఆ కళ్ళు పెద్దవవుతాయి, దీపం పెట్టినట్టు వెలుగుతాయి, అప్పుడు చెయ్యి ఎత్తాలి, అప్పుడే. కళ్ళు పెద్దవయ్యాయి. మార్సెల్ చెయ్యి లేవబోయింది. కళ్ళు ఆగాయి. ఒకసారి కొట్టుకున్నాయి. ఎక్కడో దూరంగా దేన్నో చూస్తూ కిందికి, కిందికి దిగాయి, దీపం ఆరిపోయింది.

అప్పుడు వెనకాల, మైదానం రెండో అంచున, ఊరు ఊరంతా ఒక్క గొంతుతో అరిచింది. మార్సెల్ తల తిప్పాడు. అటువైపు బంతి గడ్డిలో దొర్లుతోంది, దాన్ని చేత్తో కొట్టి పడేసినవాణ్ణి బూన్ అప్పటికే భుజాన ఎత్తుకున్నాడు, మైకులో ఆ కుర్రాడి పేరు మళ్ళీ మళ్ళీ మోగుతోంది, జనం కంచె దూకి బాన వైపు పరిగెడుతున్నారు. ఈ మూలలో ఎవరూ లేరు. కోర్టెజ్ కూలబడి నేలని గుద్దిన గుద్దుకి బురద లేచింది. "నా వైపే చూశాడు వెధవ," అన్నాడు, తమ క్వార్టర్‌బ్యాక్‌ని తనలో తనే తిట్టుకుంటున్నట్టు. "చెయ్యెత్తాడు కూడా. ఎందుకు మానుకున్నాడో..." అని తలెత్తి, పక్కనే ఇంకా అంటుకుని నిలబడ్డ మార్సెల్‌ని కింది నుంచి పైదాకా చూశాడు. జవాబు దొరికినట్టుంది. నీ దుంప తెగ అని, వాడి హెల్మెట్టు మీద అరచేత్తో ఒక్కటి కొట్టి, తువ్వాలు లాగి నేలకేసి కొట్టుకుంటూ వెళ్ళిపోయాడు.

మెట్ల మీద జనమంతా అటు తిరిగి గంతులేస్తున్నారు. ఒక్క పసుపుపచ్చ రెయిన్‌కోటు మాత్రం ఇటు తిరిగి, ఫోను రెండు చేతులా ఎత్తి పట్టుకుని, కదలకుండా నిలబడి ఉంది. ఇంకొకడు కూడా బాన వైపు పోవడం లేదు. నాలుగేళ్ళు ఆ బాన కోసం ఎదురుచూసినవాడు, దానికి వీపు పెట్టి, చేతికర్రలు బురదలో దిగబడుతుంటే పీక్కుంటూ, మళ్ళీ దిగబడుతుంటే తిట్టుకుంటూ, మైదానం అడ్డంగా ఈ ఖాళీ మూలకి వస్తున్నాడు. ఓటిస్ వచ్చి నిలబడ్డాడు. ఊపిరి అందేదాకా ఆగాడు. కర్రలు రెండూ ఒక చేతికి మార్చి, కట్టుకట్టిన కాలు పక్కకి చాపి, నొప్పికి మొహం ముడుచుకుంటూ వంగాడు. మార్సెల్ నిలబడ్డ చోటే, వాడి బూటు పక్కనే, చిటికెడు గడ్డి పీకాడు. లేచి, వాడి కుడిచెయ్యి పట్టుకుని అరచేతిలో పెట్టి, వేళ్ళు ఒక్కొక్కటే తనే మూశాడు.

"ఇది పారెయ్యకు," అన్నాడు.